ఉద్యోగం మానకుండా ఎంబీఏ: దూరవిద్యా, ఆన్‌లైనా, సాయంకాలం కాలేజీనా?

మా పిన్ని కొడుకు కాకినాడ వైపు విత్తనాల కంపెనీలో సేల్స్ చూస్తాడు. రెండు నెలల కిందట ఒక రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "అక్కా, రేపు సాయంత్రంలోపు ఐదు వేలు కట్టకపోతే నాకిచ్చిన స్కాలర్‌షిప్ పోతుందంట. కట్టేయనా?" దేనికిరా అంటే ఆన్‌లైన్ ఎంబీఏకి అన్నాడు. యూనివర్సిటీ పేరు గడగడా చెప్పాడు. పరీక్షలు ఏ నెలలో, ఎక్కడ రాయాలి అని అడిగితే మాత్రం తెలియదన్నాడు. "పైసా కట్టకు, ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాను. ఆ ఆదివారం వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఫోన్లు వాడొక్కడికే రావడం లేదు కదా.

నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఆటో విడిభాగాల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. పాప పుట్టాక, ముప్పై రెండో ఏట, దూరవిద్యలో ఎంబీఏ మొదలుపెట్టాను. రెండేళ్ల కోర్సు మూడేళ్లు పట్టింది. నా పక్క సీటు అమ్మాయి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఎంబీఏ చేసింది. మా సేల్స్ మేనేజర్ గారు మాకంటే ముందే సాయంకాలం కాలేజీకి వెళ్లి చదువుకున్నారు. ఆఫీసు ఒక్కటే, పని గంటలూ ఒక్కటే, దారులు మాత్రం మూడు. ముగ్గురం పూర్తి చేశాం. మాతోపాటు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. వాళ్లలో పాఠాలు అర్థంకాక మానేసినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. పరీక్షలు ఆఫీసు పని ముంచుకొచ్చే రోజుల్లో పడి, ఒక సెమిస్టర్ తప్పి, ఇక మళ్లీ పుస్తకం తెరవనివాళ్లే అందరూ. అందుకే కాలేజీ పేరు కంటే ముందు పరీక్షల క్యాలెండర్ చూడమంటాను.

ఆ సర్టిఫికెట్ ఎవరికి చూపించాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. ప్రైవేటు కంపెనీలో ప్రమోషన్ కోసమైతే నేరుగా మీ హెచ్‌ఆర్‌ని అడగండి. ఎంబీఏ ఉంటే చాలా, రెగ్యులరే కావాలా? నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఒక మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. మా ఆఫీసులో ఎంబీఏ ఉందా లేదా అనే చూశారు, ఏ పద్ధతిలో చదివానని ఎవరూ అడగలేదు. అన్ని కంపెనీలూ అలా ఉండవు. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో ఫుల్ టైమ్ ఎంబీఏ అని స్పష్టంగా రాసి ఉంటుంది. వాటి మీదే మీ కన్ను ఉంటే ఈ మూడు దారులూ మీకు అక్కరకు రావు.

ప్రభుత్వ ఉద్యోగులు చేరకముందే శాఖ అనుమతి తీసుకోవాలి. డిగ్రీ చేతికొచ్చాక సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించమని వెళ్తే మొదట అడిగేది ఆ అనుమతి కాగితమే. బ్యాంకులో పనిచేసేవాళ్లు జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే బ్యాంకింగ్ పరీక్షలు పూర్తి కాకపోతే ముందు అవి చూసుకోవడం మేలు. ఖర్చు తక్కువ, బ్యాంకు పనికి నేరుగా సంబంధించినవి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు, వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డిగ్రీకి మన విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం అటెస్టేషన్ చేయాలి. దూరవిద్య డిగ్రీల దగ్గర ప్రశ్నలు వస్తాయి. ఏ దేశానికి ఏ నియమం అన్నది చేరకముందే కనుక్కోవాలి, ఫీజంతా కట్టాక కాదు.

మన చట్టం సంగతికొస్తే, గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని, యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో యూజీసీ ఆ మాటనే మరోసారి స్పష్టం చేసింది. అందులో 'గుర్తింపు ఉన్న' అన్న మాటే కీలకం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

సొంత వ్యాపారం చూసుకునేవాళ్లు, అంటే షాపు, మిల్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, డిగ్రీ కోసం లక్షలు పెట్టాల్సిన పనే లేదని నా నమ్మకం. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో అకౌంటింగ్, మార్కెటింగ్, ఆపరేషన్స్ పాఠాలు ఐఐటీలు, ఐఐఎంల అధ్యాపకులు చెప్పినవి ఉచితంగా దొరుకుతాయి. 2017 నుంచి ఉన్న పోర్టల్ అది.

దూరవిద్య

తెలుగువాళ్లకు ఇది పాత చుట్టం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. ఇవాళ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నది అదే. దాని తొలి వైస్ చాన్సలర్ జి.రామ్‌రెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) మొదలైనప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఉద్యోగం చేసుకునేవాడు, ఇల్లు చూసుకునే ఆడపిల్ల కూడా చదువుకోవాలన్న ఆలోచన మన గడప నుంచే బయల్దేరిందని నాకు గర్వంగా ఉంటుంది.

ఇగ్నో ఎంబీఏకి ఒకప్పుడు ఓపెన్‌మ్యాట్ రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పరీక్ష లేదు, డిగ్రీలో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం ఉంటే చేరొచ్చు. కోర్సు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. మొత్తం ఫీజు అరవై, డెబ్బై వేల దగ్గర తేలుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో రీజనల్ సెంటర్లు ఉన్నాయి. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు.

నేను చదివింది ఏ యూనివర్సిటీ అన్నది పక్కన పెడితే, దూరవిద్యలో రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున్న నాలుగున్నరకి అలారం. వంటింటి గట్టు తుడిచి, ఒక పక్క పాలు పెట్టి, రెండో పక్క రూళ్ల కాగితాలు పరుచుకుని అసైన్‌మెంట్ చేత్తో రాసేదాన్ని. ఒక్కో పేపర్‌కి ఇరవై, ఇరవై ఐదు పేజీలు. ఆరింటికి పాప లేచేది, అక్కడితో ఆ రోజు చదువు సరి. ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల గడువులు, నెలలో పదకొండో తారీఖు జీఎస్టీఆర్-1, ఇరవయ్యో తారీఖు 3బి. ఆ రెండు తారీఖుల ముందు మూడేసి రోజులు పుస్తకం ముట్టుకునే పని ఉండేది కాదు. వారానికి ఎనిమిది గంటలు దక్కితే గొప్ప. చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఫైనాన్స్ పేపర్లు నా పని కాబట్టి నడిచాయి. క్వాంటిటేటివ్ పేపర్ మాత్రం మా మరిది దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదటి డిసెంబరులో పరీక్షలకు రెండు రోజుల ముందు పాపకి జ్వరం. రెండు పేపర్లు వదిలేశాను. వాటిని తర్వాత జూన్‌లో రాశాను, ఎవరూ ఏమీ అనలేదు. ఆ వెసులుబాటు లేకపోతే నా చదువు అక్కడే ఆగిపోయేది. చాలామంది మునిగేది కూడా ఆ వెసులుబాటులోనే. వచ్చేసారి రాద్దాంలే అనుకుంటూ నాలుగేళ్లు దాటించుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. ఒక పేపర్ అసైన్‌మెంట్ మార్కులు ఎక్కనేలేదు. ఇచ్చినట్టు నా దగ్గర రసీదు లేదు. ఉత్తరాలు, మెయిళ్లు, సెంటర్ చుట్టూ తిరగడం, అన్నీ కలిపి ఎనిమిది నెలలు. ఆ తర్వాత నుంచి ప్రతి పేజీ ఫోటో తీసుకుని, ముద్ర వేసిన రసీదు ఫైల్లో పెట్టేదాన్ని. దూరవిద్యలో చేరేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఆన్‌లైన్

ప్రైవేటు యూనివర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏకి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. పక్క సీటు అమ్మాయికి వారాంతంలో లైవ్ క్లాసులు ఉండేవి, తప్పినవాటికి రికార్డింగులు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగేలోపు ఒక పాఠం అయిపోయేది. ఇంటికెళ్లేటప్పుడు మరొకటి. ఇంట్లో విడిగా కూర్చోవాల్సిన సమయం తగ్గింది. నాకు వంటింటి గట్టు ఎలాగో తనకి మెట్రో అలా. సందేహం వస్తే అడగడానికి ఒక ఫోరం, ఎవరైనా జవాబిచ్చేవాళ్లు ఉండేవారు. ఒంటరిగా చదవలేనివాళ్లకు ఇది నిజంగా పెద్ద ఆసరా.

ఇంటి నుంచే పరీక్ష అనగానే సుళువనుకుంటారు. తన మొదటి పరీక్ష కథ వినండి. కెమెరా ముందు గదంతా తిప్పి చూపించింది. మొదలైన ఇరవై నిమిషాలకి అత్తగారు ప్రేమగా కాఫీ తెచ్చి తలుపు తీశారు. తెర మీద హెచ్చరిక వచ్చింది. కిటికీ అవతల కుక్క మొరిగితే తల అటు తిప్పింది, ఇంకో హెచ్చరిక. మూడోది వస్తే పరీక్ష ఆగిపోతుందని అంతకు ముందే చెప్పి ఉన్నారు. మిగతా గంటన్నరా కళ్లు తెర మీద నుంచి కదల్చకుండా, చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా రాసింది. రెండో సెమిస్టర్‌కి తలుపుకి గడియ పెట్టుకుని, రౌటర్‌కి ఇన్వర్టర్ కనెక్షన్ ఇప్పించుకుంది. ఒంటరి గది, నమ్మకమైన కరెంటు, నెట్ లేని ఇంట్లో ఈ పద్ధతి కష్టం. అలాంటివాళ్లకు సెంటర్‌కెళ్లి పెన్నుతో రాసి రావడమే ప్రశాంతం. యూనివర్సిటీని ఎంచుకునేటప్పుడు పరీక్ష ఇంటి నుంచా, కేంద్రంలోనా అని అడగడం మరవకండి.

ఆన్‌లైన్‌లో గడువులు గట్టిగా ఉంటాయి. బద్ధకించేవాళ్లను అవే ముందుకు నెడతాయి. మా అకౌంట్స్ వాళ్లకి మార్చి క్లోజింగ్‌లో అవే గొంతు మీద కూర్చుంటాయి.

సాయంకాలం కాలేజీ

దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే కుదిరేవాళ్లు తక్కువ. ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాయాలి, ఆఫీసు ఆరింటికి వదలాలి, కాలేజీ దగ్గర్లో ఉండాలి, ఇంట్లో వంట మీ నెత్తిన ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితే మాత్రం మిగతా రెండింటికంటే ఇదే మేలు. మా మేనేజర్ గారు మధ్యాహ్నం డబ్బాలో సగం దాచుకుని సాయంత్రం బస్సులో తినేవారట. ఆయన పక్కన కూర్చుని చదివిన ఇద్దరు ఇవాళ పెద్ద వర్క్‌షాపుల కొనుగోళ్లు చూస్తున్నారు. మా కంపెనీ ఆర్డర్లలో కొన్ని ఆ బెంచీ మీది స్నేహాల నుంచే వస్తున్నాయి. నాకు మూడేళ్లలో అలాంటి స్నేహం ఒక్కటీ దొరకలేదు. ఆ లోటు ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది.

పదేళ్ల అనుభవం ఉండి, పది లక్షలకు పైన ఖర్చు పెట్టగలిగినవాళ్లకు ఐఐఎంల ఎగ్జిక్యూటివ్ కోర్సులు ఉన్నాయి. 2017 చట్టం వచ్చాక ఐఐఎంలు డిగ్రీలే ఇవ్వగలుగుతున్నాయి. అయితే వాళ్ల పేరుతో వచ్చే ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ డిగ్రీ కాదు. గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీకి ప్రపంచమంతా పేరుంది గానీ దాని పీజీ ప్రోగ్రామ్ (పీజీపీ) కూడా ఎంబీఏ డిగ్రీ కాదు. ప్రైవేటు రంగంలో ఆ తేడా ఎవరూ పట్టించుకోరు. డిగ్రీ తప్పనిసరి అని రాసి ఉన్న చోట మాత్రం పట్టించుకుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇలినాయ్ యూనివర్సిటీ 2016లో ఆన్‌లైన్ ఎంబీఏ మొదలుపెట్టి, 2019కల్లా క్యాంపస్ ఎంబీఏలో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆన్‌లైన్ డిగ్రీకి అక్కడ ఆ స్థాయి గౌరవం ఉంది. హెచ్-4 వీసా (ఉద్యోగి భార్యకో, భర్తకో ఇచ్చేది) మీద ఇంట్లో ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. కానీ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఫుల్ టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది. పూర్తి ఆన్‌లైన్ కోర్సు వాళ్లకు కుదరదు.

చేరకముందు గంటసేపు

ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు అనుమతి ఇచ్చేది యూజీసీలోని దూరవిద్యా విభాగం. అందరూ డెబ్ అంటారు. దాని వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు. మీ కోర్సు పేరు ఉండాలి, మీరు చేరే విడత ఉండాలి. జనవరి విడతకు అనుమతి ఉన్నంత మాత్రాన జూలైకీ ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్ కోర్సులకు, యూనివర్సిటీల నాణ్యతకు నాలుగుకి మార్కులు వేసే న్యాక్‌లో 3.26 స్కోరు గానీ, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ యూనివర్సిటీల జాబితాలో గత మూడుసార్లలో కనీసం రెండుసార్లు మొదటి వందలో చోటు గానీ ఉండాలన్నది 2020 నిబంధన. దూరవిద్యకు న్యాక్ స్కోరు 3.01 చాలు.

ఇంకో నిబంధన మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ప్రైవేటు, రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్యను తమ రాష్ట్రం దాటి నడపకూడదు. ఆన్‌లైన్‌కి ఆ హద్దు లేదు. అంటే ఎక్కడో ఉత్తరాదిలోని యూనివర్సిటీ దూరవిద్య ఎంబీఏకి మీ ఊరి సెంటర్లో అడ్మిషన్ అంటున్నారంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఫ్రాంచైజీలకు అసలు అనుమతి లేదు. ఫీజు ఎప్పుడూ యూనివర్సిటీ ఖాతాకే కట్టాలి. ఈ మధ్య విద్యార్థి తన పేరు మీద డెబ్ ఐడీ కూడా తీసుకోవాలన్న నియమం వచ్చింది. డెబ్ ఐడీ అడగకుండానే చేర్చుకుంటామన్నా అనుమానించాల్సిందే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు గుర్తుంది నాకు. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల కేసు అది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను సస్పెండ్ చేసి, సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయన్నారు. ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దే అయ్యాయి. అప్పటికి ఆ డిగ్రీ చూపించి ప్రమోషన్లు తీసుకుని పదేళ్లు దాటినవాళ్లున్నారు. చదివినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఫీజులు కట్టారు, సెలవులు పెట్టి పరీక్షలు రాశారు.

ఈఎంఐ గురించి కూడా. నో కాస్ట్ ఈఎంఐ అని కౌన్సెలర్ చెప్పేది చాలాసార్లు ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద రాసే అప్పు. మూడో నెలలో చదువు మానేసినా వాయిదాలు ఆగవు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోయి రేపు ఇంటి లోను దగ్గర బయటపడుతుంది. సంతకం పెట్టే ముందు రెండే అడగండి. అప్పు ఇచ్చేది ఎవరు? మానేస్తే ఫీజు వాపసు నియమం ఏమిటి? రెండూ కాగితం మీద ఇవ్వమనండి. సెమిస్టర్‌కి ఒకసారి ఫీజు కట్టే వీలుంటే, మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపును నేనైతే వదులుకుంటాను.

డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు బీకాం గానీ బీబీఏ గానీ ఇదే జాగ్రత్తతో ఎంచుకోవచ్చు. ఒక్క ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామన్నవాళ్ల గడప తొక్కకండి.

ఇవన్నీ చెప్పాక మా తమ్ముడు అడిగాడు, మరి నాకేది అని. వాడి కంపెనీ ఏరియా మేనేజర్ పోస్టుకి ఎంబీఏ అడుగుతుంది, పద్ధతి అడగదు. నెలలో ఇరవై రోజులు పల్లెల మీద తిరుగుతాడు, కొన్ని చోట్ల సిగ్నలే ఉండదు. మే నుంచి జూలై దాకా ఖరీఫ్ విత్తనాల అమ్మకం, ఊపిరాడదు. డిసెంబరు కాస్త ఖాళీ. ఆన్‌లైన్ లైవ్ క్లాసులు, ఇంట్లో కెమెరా పరీక్షలు వాడికి నప్పవనిపించింది. దూరవిద్యే సరి, జూన్‌లో కుదరని పేపర్లు డిసెంబరుకి పెట్టుకుని, మూడేళ్లు అనుకునే చేరమన్నాను. రోజూ ఇంటికి ఒకే సమయానికి చేరుకునే ఉద్యోగమైతే, చేతిలో డబ్బుంటే, ఆన్‌లైనే చెప్పేదాన్ని.

అప్పుడే చేరిపోవద్దని కూడా చెప్పాను. ముందు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల మార్కెటింగ్ కోర్సు ఒకటి తీసుకోమన్నాను. చేరడం ఉచితం, పరీక్ష రాయాలనుకుంటే వెయ్యి రూపాయలు. ప్రతి వారం గడువులోపు అసైన్‌మెంట్ పెట్టాలి. పన్నెండు వారాలు నిలబడితే ఎంబీఏ మొదలుపెట్టొచ్చు, నిలబడలేకపోతే అరవై వేలు మిగిలినట్టే.

నిన్న రాత్రి ఐదో వారం అసైన్‌మెంట్ పెట్టానని తుని బస్టాండ్ నుంచి మెసేజ్ చేశాడు. రెండో వారం తప్పిందట, పన్నెండింటిలో మంచి మార్కులు వచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఫర్వాలేదు అన్నాడు. జనవరిలో చేరితే మొదటి పరీక్షలే జూన్‌లో పడతాయి, వచ్చే జూలైలో చేరి డిసెంబరుతో మొదలుపెడతానంటున్నాడు.